నేర్చుకున్న కుర్రాడికి ఓడెక్కే చోటిచ్చిన యజమాని: వాల్‌చంద్ హీరాచంద్

శ్రీకాకుళం జిల్లా కళింగపట్నంలో ఈరోజు పెద్ద ఓడ ఒక్కటి కూడా కనపడదు. వంశధార సముద్రంలో కలిసే చోటు, లైట్ హౌస్, దర్గా, ఇసుక మీద బోర్లించిన చేపల పడవలు, సెలవు రోజున వచ్చే జనం, ఇంతే. కానీ వందేళ్ల కిందట ఇది పేరున్న రేవు. ఆవిరి ఓడలు ఒడ్డుకి దూరంగా లంగరు వేసేవి. సరుకునీ మనుషుల్నీ పడవల మీద వాటి దగ్గరికి చేరవేసేవారు. గోపాల్‌పూర్ నుంచి కాకినాడ దాకా ఉన్న ఇలాంటి రేవుల నుంచే వేలమంది తెలుగువాళ్లు కూలి పనులకి రంగూన్ వెళ్లారు.

ఆ ఓడలు ఎవరివి? ఎక్కువగా బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ అనే ఆంగ్లేయుల కంపెనీవి. వాటి మీద పనిచేసిందెవరు? బొగ్గు కొట్టింది, డెక్కు కడిగింది, తాళ్లు లాగింది మనవాళ్లే. ఆ ఖలాసీల్లో ముస్లింలు చాలామంది. కొంకణ్, గుజరాత్, సిల్హెట్ నుంచి తరతరాలుగా ఓడలెక్కిన కుటుంబాలవి. వాళ్లలో బాగా పనితెలిసినవాడు సారంగు అయ్యేవాడు, అంటే ఖలాసీల పెద్ద. అక్కడితో ఆగిపోయేది. మేటు, కెప్టెన్, ఇంజినీరు పదవుల్లో భారతీయుడు కనపడేవాడు కాదు.

తెలివి తక్కువై కాదు. ఓడ అధికారి కావాలంటే పుస్తకం చదివితే చాలదు. ఓడ మీద కొన్నేళ్లు అప్రెంటిస్‌గా పనిచేసి, ఆ తర్వాత పరీక్ష రాయాలి. భారతీయ కుర్రాడిని అప్రెంటిస్‌గా ఎక్కించుకునే యజమాని ఆ రోజుల్లో లేడు. ఉస్తాద్ దగ్గర కూర్చునే చోటే లేకపోతే హునర్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ చోటు కల్పించినవాళ్లలో ముందు వరసలో నిలిచిన మనిషి సముద్రం పక్కన పుట్టినవాడు కాదు. షోలాపూర్ వ్యాపారి కొడుకు. పేరు వాల్‌చంద్ హీరాచంద్. విశాఖపట్నంలో సిటీ బస్సెక్కి సింధియా దగ్గర దిగేవాళ్లందరూ, తెలిసో తెలియకో, ఆయన కంపెనీ పేరే పలుకుతున్నారు.

చదువు ఆగింది, పని మొదలైంది

వాల్‌చంద్ 1882 నవంబరు 23న షోలాపూర్‌లో పుట్టారు. గుజరాత్ నుంచి వచ్చి స్థిరపడ్డ జైన కుటుంబం వాళ్లది. పత్తి వ్యాపారం, వడ్డీ వ్యాపారం ఇంటి వృత్తి. బొంబాయిలోనూ పూనాలోనూ కాలేజీకి వెళ్లారు కానీ డిగ్రీ పూర్తి చేయలేదు. ఇంటి వ్యాపారంలో కూర్చోబెట్టారు. గద్దె మీద కూర్చుని లెక్కలు రాయడం ఆయనకి సరిపడలేదు.

అప్పుడు కలిసినవాడు లక్ష్మణరావు ఫాటక్. రైల్వేలో గుమస్తాగా చేసి కాంట్రాక్టరుగా మారిన మనిషి. ఫాటక్‌కి పని తెలుసు, డబ్బు లేదు. వాల్‌చంద్ దగ్గర డబ్బుంది, పని తెలియదు. ఇద్దరూ కలిసి బార్సీ లైట్ రైల్వే వాళ్ల చిన్న లైను కాంట్రాక్టు పట్టారు. మట్టి ఎలా తవ్వించాలి, కూలీలకి లెక్క ఎలా కట్టాలి, ఇంజినీరుతో బిల్లు ఎలా పాస్ చేయించుకోవాలి అన్నవి వాల్‌చంద్ పని జరిగే చోటే నేర్చుకున్నారు. ఏ కాలేజీ కూడా ఆయనకి ఆ సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఒక విధంగా ఆయన ఫాటక్‌కి భాగస్వామీ, షాగిర్దూ.

తర్వాత ఆ పనులు పెద్దవయ్యాయి. బొంబాయి, పూనాల మధ్య భోర్ ఘాట్‌లో రైలు సొరంగాలు తొలిచే దాకా వెళ్లారు. ఆయన కట్టిన హిందుస్తాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఇప్పటికీ ఉంది. పని నేర్చిన మనిషి విలువేమిటో, నేర్పే మనిషి దొరకడం ఎంత కష్టమో ఆయనకి ఈ కాంట్రాక్టుల రోజుల్లోనే తెలిసొచ్చింది.

లాయల్టీ ఓడ

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసింది. సరుకు రవాణాకి ఓడలు దొరకడం లేదు, కిరాయిలు మండిపోతున్నాయి. గ్వాలియర్ మహారాజు సింధియా యుద్ధకాలంలో ఆసుపత్రి ఓడగా నడిపించిన లాయల్టీ అమ్మకానికి ఉందని 1919లో వాల్‌చంద్‌కి తెలిసింది. ఓడల వ్యాపారం ఆయనకి కొత్త. అయినా నరోత్తమ్ మొరార్జీ, కిలాచంద్ దేవ్‌చంద్, లల్లూభాయ్ సామల్‌దాస్ లాంటి బొంబాయి వ్యాపారులతో చేయి కలిపి ఓడ కొన్నారు. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అలా పుట్టింది.

1919 ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయి నుంచి లండన్‌కి బయలుదేరింది. ఏటా ఏప్రిల్ 5న దేశంలో జాతీయ నౌకాయాన దినం జరుపుకుంటున్నది ఆ ప్రయాణం గుర్తుగానే.

ఆ ఘనతలోనే ఒక లోటు కూడా ఉంది. ఓడ యజమానులు భారతీయులు. ఓడ నడిపే అధికారులు మాత్రం ఆంగ్లేయులే. వేరే దారి లేదు. పరీక్ష పాసై, సర్టిఫికెట్ చేతిలో ఉన్న భారతీయ అధికారులు దొరికితే కదా? స్వదేశీ కంపెనీ పెట్టొచ్చు, స్వదేశీ డబ్బు పోగేయొచ్చు. స్వదేశీ కెప్టెన్‌ని మాత్రం బజార్లో కొనలేరు. తయారు చేసుకోవాలి. దానికి పదేళ్లు పడుతుంది.

ఆ లోపు కంపెనీ బతికుండాలి. అదీ సులువు కాలేదు. అంతకు ముందు తూత్తుకుడిలో చిదంబరం పిళ్లై పెట్టిన స్వదేశీ ఓడల కంపెనీని కిరాయిల పోటీతోనూ కేసులతోనూ చితక్కొట్టిన సంగతి అందరికీ గుర్తే. సింధియా మీద కూడా అదే మంత్రం వేశారు. సింధియా ఓడ వెళ్లే రేవుకే బ్రిటిష్ ఇండియా ఓడ వెళ్లడం, నష్టానికైనా సరే కిరాయి తగ్గించడం. కంపెనీని కొనేస్తామన్న బేరం కూడా వచ్చింది. వాల్‌చంద్, ఆయన సహచరులు అమ్మలేదు. చివరికి 1923లో పదేళ్ల ఒప్పందం కుదిరింది. సింధియా కోస్తా సరుకుకే పరిమితం కావాలి, ఇన్ని టన్నులకి మించి ఓడలు పెట్టకూడదు. చేతులు కట్టేసే ఒప్పందమే. కానీ ప్రాణం నిలిచింది.

బడి ఇచ్చారు, పని ఇవ్వలేదు

అదే సమయంలో ఢిల్లీ శాసనసభలో ఇంకో పోరాటం నడుస్తోంది. భారతీయ కుర్రాళ్లని ఓడ అధికారులుగా తయారు చేయాలని శివస్వామి అయ్యర్ 1922లో తీర్మానం తెచ్చారు. దాని ఫలితంగా రాయల్ ఇండియన్ మెరైన్ డైరెక్టర్ కెప్టెన్ హెడ్లామ్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ రెండు ముఖ్యమైన మాటలు చెప్పింది. ఒకటి, శిక్షణ ఓడ పెట్టాలి. రెండు, మన తీరం వెంట జరిగే రవాణాని క్రమంగా భారతీయ ఓడలకే కేటాయించాలి.

ప్రభుత్వం మొదటిది ఒప్పుకుంది. రెండోదాన్ని పక్కన పెట్టింది.

అంటే ఏమిటి? కుర్రాళ్లకి చదువు చెబుతాం, కానీ వాళ్లు పనిచేసే ఓడలు పెరగనివ్వం అని. 1927లో బొంబాయిలో డఫ్రిన్ అనే పాత సైనిక రవాణా ఓడని శిక్షణ ఓడగా మార్చారు. దేశం నలుమూలల నుంచి కుర్రాళ్లు పరీక్ష రాసి చేరారు. స్వతంత్ర భారత నౌకాదళానికి 1958లో తొలి భారతీయ అధిపతి అయిన రామదాస్ కటారి ఆ మొదటి బ్యాచ్ విద్యార్థే. మొదటి బ్యాచ్ 1930లో బయటికొచ్చింది.

బయటికొచ్చాక అసలు ప్రశ్న ఎదురైంది. ఇప్పుడు ఏ ఓడెక్కాలి? డఫ్రిన్ సర్టిఫికెట్‌తో నేరుగా అధికారి అయిపోరు. ఏదో ఒక కంపెనీ అప్రెంటిస్‌గా తీసుకోవాలి. దానికి రాతకోతల ఒప్పందం ఉంటుంది. కంపెనీ కుర్రాడికి తిండి, బస, కొంత భత్యం ఇవ్వాలి. కెప్టెనూ మేట్లూ అతనికి దిక్సూచి చూడటం, నక్షత్రాలతో ఓడ ఉన్న చోటు లెక్కకట్టడం, సరుకు ఏ గదిలో ఎంత బరువున నింపాలో తేల్చడం నేర్పాలి. కుర్రాడు నిర్ణీత కాలం సముద్రం మీద గడపాలి. అప్పుడే సెకండ్ మేట్ పరీక్షకి అర్హత.

బ్రిటిష్ కంపెనీలు భారతీయ కుర్రాళ్లని చేర్చుకోవడానికి వెనకాడాయి. తెల్ల అధికారులతో ఒకే బల్ల మీద అన్నం తినే చోటు నల్ల కుర్రాడికి ఇవ్వడం వాళ్లకి మింగుడుపడలేదు. డఫ్రిన్ కుర్రాళ్లకి తలుపు తీసిన కంపెనీల్లో సింధియా ముఖ్యమైనది. 1929లో నరోత్తమ్ మొరార్జీ కారు ప్రమాదంలో చనిపోయాక కంపెనీ ఛైర్మన్ పదవి వాల్‌చంద్‌కి వచ్చింది. డఫ్రిన్ తొలి బ్యాచ్‌లు బయటికొచ్చిన కాలమంతా పగ్గాలు ఆయన చేతిలోనే ఉన్నాయి.

ఇది దానధర్మం అనుకుంటే పొరపాటు. వాల్‌చంద్ గట్టి వ్యాపారి. సొంత అధికారులు లేని ఓడల కంపెనీ ఎప్పటికీ పరాయివాడి దయ మీద నడుస్తుందని ఆయనకి తెలుసు. కానీ లాభం రేపటిది, ఖర్చు ఇవాళ్టిది. కిరాయిల పోటీలో ప్రతి పైసా లెక్క చూసుకునే కంపెనీ, పని రాని కుర్రాడికి ఓడ మీద గది ఇచ్చి, తిండి పెట్టి, నేర్పే బాధ్యత నెత్తిన వేసుకుంది. ప్రభుత్వ శిక్షణ ఓడ ఒకవైపు, సొంత ఓడలున్న యజమాని ఇంకోవైపు. రెండూ కలిస్తేనే ఒక అధికారి తయారయ్యాడు. డఫ్రిన్ ఒక్కటే ఉండి సింధియా లాంటి కంపెనీలు లేకపోతే ఆ సర్టిఫికెట్ గోడకి తగిలించుకోవడానికే పనికొచ్చేది.

తీరం వెంట రవాణాని భారతీయ ఓడలకి కేటాయించాలని సింధియా కంపెనీకి చెందిన సారాభాయ్ నేమ్‌చంద్ హాజీ 1928లో శాసనసభలో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. ఓడలు పెరగకపోతే అప్రెంటిస్ చోట్లు కూడా పెరగవు. స్వాతంత్ర్యం వచ్చేదాకా ఆ చిక్కు పూర్తిగా వీడలేదు.

ఒక కొరత మాత్రం ఒప్పుకోవాలి. డఫ్రిన్‌లో చేరాలంటే ఇంగ్లీషు చదువు కావాలి, ఫీజు కట్టాలి. తరతరాలుగా ఓడల మీద చెమటోడ్చిన ఖలాసీల ఇళ్ల పిల్లలకి ఆ రెండూ అందని ద్రాక్షే. సారంగు కొడుకు కెప్టెన్ కావడానికి తలుపు తెరుచుకుంది కానీ, ఆ గడప దాకా వచ్చే దారి వాళ్లకి దొరకలేదు. యజమాని చోటివ్వడం ఎంత అవసరమో, పేదింటి పిల్లాడు అక్కడికి చేరే ఏర్పాటూ అంతే అవసరం.

హజ్ ఓడల రంగంలో

వాల్‌చంద్ పేరు ముస్లిం కుటుంబాలకి ఇంకో కారణంగా కూడా గుర్తుండాలి. ఆ రోజుల్లో హజ్ యాత్ర అంటే ఓడ ప్రయాణమే. బొంబాయి నుంచి జిద్దాకి హాజీలను తీసుకెళ్లే పనిలో మొగల్ లైన్‌దే పెత్తనం. పేరు మొగల్ అయినా నడిపింది టర్నర్ మారిసన్ అనే ఆంగ్లేయ సంస్థ. పోటీ లేనిచోట టికెట్ ధర ఎలా ఉంటుందో, సౌకర్యాలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు.

1937లో సింధియా ఈ రంగంలోకి దిగింది. హాజీల కోసం ఎల్ మదీనా, ఎల్ హింద్ అనే కొత్త ఓడలు కట్టించింది. మొగల్ లైన్ ఊరుకోలేదు. టికెట్ ధరల యుద్ధం మొదలైంది. హాజీలకి ఆ కొన్నాళ్లు ధరలు బాగా తగ్గాయి. కొత్త ఓడలొస్తే అధికారులకి, ఇంజినీర్లకి, నేర్చుకునే కుర్రాళ్లకి కొత్త చోట్లూ వస్తాయి.

రెండో ప్రపంచ యుద్ధం ఆ రెండు ఓడల్నీ మింగేసింది. సైనికుల్ని మోసుకెళ్తున్న ఎల్ మదీనాని 1944 మార్చిలో బంగాళాఖాతంలో జపాన్ జలాంతర్గామి ముంచేసింది. వందల ప్రాణాలు పోయాయి. తర్వాతి నెల, ఏప్రిల్ 14న, బొంబాయి రేవులో మందుగుండు ఓడ పేలినప్పుడు ఎల్ హింద్ కాలిపోయింది.

విశాఖ ఒడ్డున

ఓడలు కొనుక్కుంటూ ఎన్నాళ్లు? మన దగ్గరే కట్టాలన్నది వాల్‌చంద్ పట్టుదల. మొదట కలకత్తాలో స్థలం అడిగారు. అక్కడి పోర్టు అధికారులు పెట్టిన షరతులు కుదరలేదు. ఆయన చూపు విశాఖపట్నం మీద పడింది. 1933లో తెరిచిన కొత్త పోర్టు, కొండ చాటున ప్రశాంతమైన నీళ్లు, రైలు మార్గం, ఇనుము దొరికే ప్రాంతాలకి దగ్గర. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా షిప్‌యార్డుకి శంకుస్థాపన జరిగింది. అక్కడి కాలనీకి గాంధీగ్రామ్ అని పేరొచ్చింది. ఆ పేరు ఈరోజుకీ ఉంది.

ఏడాది తిరక్కుండానే దెబ్బ తగిలింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. జనం ఊళ్లు వదిలి పారిపోయారు. యార్డు పని ఆగిపోయింది, యంత్రాలు తరలించాల్సి వచ్చింది. యుద్ధం ముగిసే దాకా అడుగు ముందుకి పడలేదు.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఇనుము, యంత్రాలే కాదు, మనుషులు కూడా సమస్యే. ఆధునిక ఓడ కట్టడం నేర్పే కాలేజీ అప్పటికి దేశంలో లేదు. ఖరగ్‌పూర్ ఐఐటీలో నౌకా నిర్మాణ శాఖ వచ్చింది 1950లలోనే. కాకినాడ దగ్గర తాళ్లరేవు, కోరంగిలో చెక్క ఓడలు కట్టిన వడ్రంగుల సంప్రదాయం ఉంది కానీ, ఉక్కు పలక వంచి, రివెట్లు కొట్టి, బాయిలరు, ఇంజిను బిగించే పని వేరు. తెలిసిన కొద్దిమంది ఇంజినీర్లు, ఫోర్‌మెన్‌లు నేర్పుతుంటే, ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చిన పనివాళ్లు పనిలోనే పని నేర్చుకున్నారు. ఇక్కడ కార్ఖానాయే బడి.

1948 మార్చి 14న జల ఉష నీళ్లలోకి దిగింది. 8,000 టన్నుల ఓడ. ప్రధాని నెహ్రూ స్వయంగా వచ్చారు. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి ఆవిరి ఓడ అది. ఏడేళ్ల కిందట ఖాళీ తీరంగా ఉన్నచోట, ఈ ప్రాంతపు పనివాళ్ల చేతుల్లో తయారైంది.

చివరి రోజులు

వాల్‌చంద్ ఒక్క ఓడలతో ఆగలేదు. 1940లో మైసూరు ప్రభుత్వంతో కలిసి బెంగళూరులో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ పెట్టారు. యుద్ధకాలంలో ప్రభుత్వం దాన్ని తీసుకుంది. ఇవాళ్టి హెచ్‌ఏఎల్‌కి మూలం అదే. 1944లో కార్ల కోసం ప్రీమియర్ ఆటోమొబైల్స్ మొదలైంది. బొంబాయి వీధుల్లో దశాబ్దాల పాటు తిరిగిన ప్రీమియర్ పద్మిని టాక్సీలు ఆ కంపెనీవే.

అంతా ఆయన అనుకున్నట్టు జరగలేదు. షిప్‌యార్డు నడపడానికి డబ్బు చాలలేదు. ఇక్కడ కట్టిన ఓడ ఖరీదు బయట దేశాల ఓడ కన్నా ఎక్కువయ్యేది. ప్రభుత్వం చేయూత ఇవ్వకపోతే యార్డు మూతపడే పరిస్థితి వచ్చింది. 1949లో ఆయన ఆరోగ్యం దెబ్బతింది. మరుసటి ఏడాది బాధ్యతల నుంచి తప్పుకున్నారు. 1952లో ప్రభుత్వం మూడింట రెండు వంతుల వాటా తీసుకుని హిందుస్తాన్ షిప్‌యార్డ్‌గా మార్చింది. 1953 ఏప్రిల్ 8న గుజరాత్‌లోని సిద్ధపూర్‌లో వాల్‌చంద్ కన్నుమూశారు. రెండేళ్ల తర్వాత మహారాష్ట్రలోని సాంగ్లీ ఇంజినీరింగ్ కాలేజీకి ఆయన పేరు పెట్టారు. డిగ్రీ పూర్తి చేయని మనిషి పేరు మీద ఈరోజు వేలమంది ఇంజినీర్ల డిగ్రీలు ఉన్నాయి.

చట్టం వచ్చింది, ప్రశ్న మిగిలింది

వాల్‌చంద్ పోయిన ఎనిమిదేళ్లకి, 1961లో, దేశంలో అప్రెంటిస్ చట్టం వచ్చింది. యజమాని ఇష్టంగా చేసిన పనిని చట్టం బాధ్యతగా మార్చింది. ఇప్పుడున్న నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనివాళ్లున్న ప్రతి సంస్థ తన సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్న చిన్న సంస్థలు ఇష్టమైతే తీసుకోవచ్చు. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకి 1,500 రూపాయల పరిమితితో, కేంద్రం భరిస్తుంది. ఈ సంగతి తెలియని మెకానిక్ షెడ్లు, ప్రింటింగ్ ప్రెస్సులు, బట్టల యూనిట్లు నడిపే మన యజమానులు చాలామంది ఉన్నారు. షెడ్డులో పని నేర్చుకుంటున్న 18 ఏళ్ల కుర్రాడిని రిజిస్టరు చేస్తే, స్టైపెండ్‌లో కొంత ప్రభుత్వం ఇస్తుంది, చివర్లో కుర్రాడి చేతికి గుర్తింపున్న సర్టిఫికెట్ వస్తుంది.

విశాఖలో డఫ్రిన్, సింధియా నాటి ఏర్పాటుని పోలినవి ఇప్పుడూ ఉన్నాయి. సాగరమాల కార్యక్రమం కింద కేంద్ర నౌకాయాన శాఖ, సీమెన్స్, ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ కలిసి సెమ్స్ అనే శిక్షణ కేంద్రాన్ని పెట్టాయి. ఓడల నిర్మాణానికి కావలసిన వెల్డింగు, డిజైను లాంటి పనులు అక్కడ నేర్పుతారు. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీకి కూడా విశాఖలో క్యాంపస్ ఉంది.

అయితే 1930లో డఫ్రిన్ కుర్రాడు అడిగిన ప్రశ్న చావలేదు. ఈరోజు మర్చంట్ నేవీ కోర్సు చదివిన పిల్లాడికి కూడా కోర్సు ఒక్కటే చాలదు. ఓడ మీద నిర్ణీత కాలం శిక్షణ పొందితేనే పరీక్షకి అర్హత. ఆ చోటు ఇవ్వాల్సింది ఓడల కంపెనీయే. పొలం తాకట్టు పెట్టి, నగలు అమ్మి లక్షలు ఫీజు కట్టాక, ఏ కంపెనీ ఓడెక్కించుకోక ఇంట్లో కూర్చున్న పిల్లలు తీరప్రాంతాల్లో తక్కువేం కాదు. ఓడ మీద చోటు ఇప్పిస్తామని డబ్బు గుంజే ఏజెంట్ల వలలో పడినవాళ్లూ ఉన్నారు.

అందుకే ఫీజు కట్టే ముందే తల్లిదండ్రులు కొన్ని సంగతులు తేల్చుకోవాలి. ఆ సంస్థకి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ గుర్తింపు ఉందా? చదువు అయ్యాక ఓడ మీదకి తీసుకుంటామని ఏ కంపెనీ రాసిస్తోంది, అంటే స్పాన్సర్‌షిప్ లెటర్ ఎవరిది? ఆ కంపెనీకి ఓడలు నిజంగా ఉన్నాయా? ఓడ ఉద్యోగాలు ఇప్పించే ఏజెంటుకి ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. లైసెన్సున్నవాడు కూడా ఉద్యోగం ఇప్పించినందుకు కుర్రాడి దగ్గర డబ్బు తీసుకోకూడదు. అడిగాడంటే అక్కడే ఆగిపోవడం మంచిది. ఐటీఐలో చేర్చేటప్పుడూ ఇదే లెక్క. ఈ ఐటీఐ పిల్లల్ని ఏ కంపెనీలు అప్రెంటిస్‌లుగా తీసుకుంటున్నాయి, పోయినేడాది ఎంతమందిని తీసుకున్నాయి అని అడగాలి. బిల్డింగు ఎన్ని అంతస్తులో చూడటం కన్నా అది ముఖ్యం.

కళింగపట్నం రేవు స్వాతంత్ర్యం తర్వాత కొన్నేళ్లకే ఓడల రాకపోకలు ఆగి మూగబోయింది. లైట్ హౌస్ మాత్రం రాత్రుళ్లు ఇంకా వెలుగుతూనే ఉంది. దూరంగా వెళ్లే ఓడలకి అది దారి చూపుతుంది. వాటిలో ఏదో ఒక ఓడ మీద మన ఊరి కుర్రాడు ఖలాసీగానే కాక మేటుగా, ఇంజినీరుగా నిలబడాలంటే, అతనికి చదువు చెప్పినవాళ్లతో పాటు నేర్చుకునే చోటు ఇచ్చిన యజమాని కూడా ఉండాలి. వాల్‌చంద్ హీరాచంద్ ఆ చోటు ఇచ్చారు. ఇప్పుడున్న యజమానుల్లో ఎవరిస్తున్నారో ఫీజు కట్టకముందే అడిగి తెలుసుకోవడం ఇంటివాళ్ల పని.